రెండు ములుగుల మధ్య

తెలంగాణలో ములుగు పేరుతో రెండు ఊళ్లున్నాయి. సిద్దిపేట జిల్లా ములుగులో అటవీ కళాశాల, పరిశోధన సంస్థ ఉంది. అక్కడ విద్యార్థులు విత్తనం, నేల, కలప, నర్సరీ, వన్యప్రాణుల గురించి చదువుతారు. మేడారం జాతరతో దేశమంతా ఎరిగిన రెండో ములుగుకు సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. 2014 పునర్విభజన చట్టంలో ఇచ్చిన ఆ హామీకి పార్లమెంటు చట్టరూపం ఇచ్చేసరికి 2023 డిసెంబరు అయింది. ఒక ములుగులో చెట్టు గురించి చదువు, మరో ములుగులో మనిషి గురించి చదువు. ఆ చెట్టు మీద ఆ మనిషికి ఉన్న హక్కు ఎలా పోయింది, ఏ చట్టం తీసేసింది, ఏ కులాలు, ఏ వర్గాలు బాగుపడ్డాయి అని అడగడమే వృత్తిగా ఎంచుకున్న అధ్యాపకుడు ఈ రెంటిలో ఏ గదిలో కూర్చోవాలి?

నేను రాజనీతిశాస్త్రం బోధిస్తాను. నా పరిశోధన అడవి మీద అధికారం గురించి. ‘అడవి సంగతి వృక్షశాస్త్రం వాళ్లు కదా చెప్పాలి’ అని సహోద్యోగులు అంటూంటారు. ఏజెన్సీ ప్రాంతాల నుంచి ఎం.ఏ. చదవడానికి వచ్చిన పిల్లలు మాత్రం వేరే మాట అడుగుతారు: ‘సార్, ఇందులో ఉద్యోగం ఉందా?’ వృత్తి గురించిన ఆ చిన్న ప్రశ్నలో కులం, తెగ, భూమి, రాజ్యం అన్నీ ఉన్నాయి. అడవి సామాజిక, రాజకీయ అధ్యయనంలో ఉద్యోగం ఎవరికి దక్కుతుందన్నది చివరికి అడవి ఎవరికి దక్కుతుందన్న విషయంతో ముడిపడి ఉంది.

అడవి విజ్ఞానం మన దేశంలో మొదటి నుంచీ సర్కారు విజ్ఞానంగానే పెరిగింది. 1864లో అటవీశాఖకు తొలి ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా డీట్రిచ్ బ్రాండిస్ అనే జర్మన్ నిపుణుణ్ణి బ్రిటిష్ ప్రభుత్వం నియమించింది. రైలు పట్టాల కింద వేసే స్లీపర్లకు నాణ్యమైన కలప కావాలి. అందుకు అడవి లెక్కల్లోకి రావాలి. అడవుల్ని రిజర్వు, రక్షిత తరగతులుగా విడదీసి ప్రజల వాడకాన్ని కట్టడి చేసిన చట్టం 1878లో వచ్చింది. డెహ్రాడూన్‌లో అటవీ పాఠశాల మొదలైంది కూడా అదే ఏడాది. చట్టం, చదువు కవలలుగా పుట్టాయి. ఆ చదువులో మేకలు మేపేవాడు, పోడు కొట్టేవాడు, కట్టెలేరుకునే ఆడమనిషి అందరూ అడవికి కలిగే నష్టం పద్దు కింద కనిపించారు.

ఆ చూపు ఇప్పటికీ నియామక నిబంధనల్లో బతికే ఉంది. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష రాయాలంటే వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం, గణితం వంటి విషయాల్లోనో, వ్యవసాయం, ఫారెస్ట్రీ, ఇంజనీరింగుల్లోనో డిగ్రీ ఉండాలి. గణితం మాత్రమే చదివినవారు అడవిని పాలించవచ్చు. మానవశాస్త్రమో, సామాజికశాస్త్రమో, చరిత్రో మాత్రమే చదివినవారికి ఆ పరీక్ష గది తలుపు తెరుచుకోదు. లక్షలాది కుటుంబాల నివాసాన్ని, తిండిని, హక్కును నిర్ణయించే ఉద్యోగానికి సమాజం గురించిన చదువు అర్హతే కాదట.

అడవిలో మనుషుల గురించిన చదువు మరో దారిలో, మానవశాస్త్రం రూపంలో వచ్చింది. దాని పుట్టుకకు మన ఆదిలాబాదే సాక్షి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ను నిజాం బలగాలు చంపిన తర్వాత, ఆ తిరుగుబాటు మూలాలను తెలుసుకోవడానికి సర్కారుకు ఒక పండితుడు కావలసివచ్చాడు. రెండో ప్రపంచయుద్ధం వల్ల హైదరాబాద్ సంస్థానంలోనే ఉండిపోయిన ఆస్ట్రియా దేశస్థుడు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ ఆ పనికి దొరికాడు. ఆయన గోండుల మధ్య బతికాడు, వారి భూమి ఎలా పోయిందో రాశాడు, పట్టాల కోసం వాదించాడు. 1943లో మార్లవాయిలో గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దే శిక్షణ కేంద్రం ఆయన చొరవతోనే వచ్చింది. ఆ దంపతులను గోండులు నేటికీ మార్లవాయిలో తలచుకుంటారు. ఆ గౌరవం వారికి చెందవలసినదే.

అయితే ఆ అధ్యయనంలో మెట్లు ఎటు వెళ్లాయో గమనించాలి. గోండుల గురించిన జ్ఞానం ఉస్మానియా మీదుగా లండన్ ఆచార్య పీఠం దాకా ఎక్కింది. ఆ జ్ఞానాన్ని నోటితో చెప్పిన వారి ఊళ్లకు అందిన పై మెట్టు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడి కొలువు. దాన్ని తక్కువ చేయడం లేదు. ఆ కాలంలో అది పెద్ద గెలుపే. కానీ తిరుగుబాటు చేసినవాడు అధ్యయన వస్తువు, దాన్ని వివరించినవాడు ఆచార్యుడు అనే పని విభజన అక్కడ స్థిరపడింది. ఎనభై ఏళ్లు గడిచినా అది పెద్దగా చెక్కుచెదరలేదు.

స్వాతంత్ర్యానంతరం రెండో తరం వచ్చింది. ఉత్తరాఖండ్ అడవుల ఉద్యమాలపై రామచంద్ర గుహ 1989లో, నర్మదా లోయ ఆదివాసులపై అమితా బావిస్కర్ 1995లో, బస్తర్ చరిత్రపై నందిని సుందర్ 1997లో వెలువరించిన పుస్తకాలు అడవిని రాజకీయ ప్రశ్నగా నిలబెట్టాయి. వీటిని చదవకుండా ఈ రంగంలో అడుగు పెట్టలేం. ఆదివాసుల గురించి ఆదివాసులే రాయాలన్నది నా వాదన కాదు. నేనూ ఆదివాసీని కాను. వెదురు తట్టలు, చాటలు అల్లి బతికిన మేదరి కుటుంబం నుంచి వచ్చాను. అడిగేవాడు మారితే ప్రశ్న మారుతుందన్నదే నా వాదన.

వెదురునే ఉదాహరణగా తీసుకుందాం. 1992లో మాధవ్ గాడ్గిల్, రామచంద్ర గుహ కలిసి రాసిన పర్యావరణ చరిత్ర ఈ రంగంలో పునాది గ్రంథం. ప్రభుత్వాలు కాగితపు మిల్లులకు వెదురును కారుచౌకగా కట్టబెట్టిన తీరును అది ఎండగట్టింది. మా కులం వారికి అది మేలు చేసిన మాటే. అదే గ్రంథం ఇంకో మాట కూడా అంది: ఒక్కో కులం ఒక్కో ప్రకృతి వనరును వాడుకునేలా సమాజం ఏర్పడడం వల్ల పోటీ తగ్గి, వనరుల పొదుపు సాధ్యమైందట. కులవ్యవస్థలో పర్యావరణ వివేకం కనిపించిందన్నమాట! మేదరి ఇంటి నుంచి చూస్తే ఆ ‘పొదుపు’కు మరో పేరుంది. వెదురు తప్ప వేరే బతుకు ముట్టుకోనివ్వకపోవడం, అల్లిన గంపకు ఊరి పెద్దలు ఇచ్చిందే ధర కావడం దాని లోపలి ముఖాలు. చచ్చిన పశువును మోసే పనిని, చెరువు నీటికి ఆమడ దూరాన నిలబడడాన్ని ఏ దళితుడూ వనరుల యాజమాన్యం అని పిలవడు. ముకుల్ శర్మ 2017లో దళితులు, పర్యావరణ రాజకీయాలపై ప్రచురించిన పుస్తకం ఈ మౌనాన్ని సూటిగా పట్టుకుంది. రెండు పుస్తకాల మధ్య పాతికేళ్ల దూరం ఉంది. విశ్వవిద్యాలయాల్లో అడవిని చదివే వారిలో దళిత బహుజనులు తగినంత మంది ఉండి ఉంటే అంత కాలం పట్టేదా?

కులానికి సామాజికశాస్త్రం, తెగకు మానవశాస్త్రం అని మన శాఖలు పంచుకోవడం వల్ల ఇంకో నష్టం జరిగింది. అడవిలో కులం, ఊళ్లో అడవి రెండూ కనబడకుండా పోయాయి. 2006 అటవీ హక్కుల చట్టం ఆదివాసేతర సంప్రదాయ అటవీ నివాసులకూ హక్కు ఇచ్చింది. కాని వారు 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, అడవిలో ఉంటున్నట్టు నిరూపించాలి. 1930 నాటి ఆధారం చూపాలన్నమాట. ఆనాటి రెవెన్యూ దస్తావేజుల్లో పట్టాదారు పేరు ఉంటుంది. వెట్టి చేసినవాడి పేరు వెతకడం మహా కష్టం. అడవి అంచున బతికే మాల, మాదిగ, మేదరి, గొల్ల కుటుంబాల హక్కు ఈ కాగితం దగ్గరే ఆగిపోతోంది.

పరిశోధన విలువ సరిగ్గా ఇక్కడే తెలుస్తుంది. ఆ చట్టం నియమావళిలోని 13వ నియమం హక్కు రుజువుకు పనికొచ్చే ఆధారాలను పేర్కొంటుంది. గెజిటీర్లు, జనగణన పత్రాలు, పెద్దల వాంగ్మూలాలతో పాటు పేరున్న సంస్థల పరిశోధన అధ్యయనాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. మనం గ్రంథాలయంలో దుమ్ముపట్టే వస్తువనుకునే అధ్యయనం ఒక కుటుంబానికి భూమి ఇప్పించగల సాక్ష్యం కాగలదు. భాష రాని పరిశోధకుడు రెండు రోజులు తిరిగి ‘ఇక్కడ పోడు ఆనవాళ్లు లేవు’ అని రాస్తే, అది ఆ ఊరికి ఎదురు సాక్ష్యమూ కాగలదు. మా వృత్తిలో నియామకాలు న్యాయంగా జరగాలనడం అధ్యాపకుల జీతాల గొడవ మాత్రమే కాదని చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

నియామకాల వడపోత ఎలా పనిచేస్తుందో రోస్టర్ కథ చెబుతుంది. రిజర్వేషన్‌కు విశ్వవిద్యాలయం కాక ఒక్కో శాఖ యూనిట్‌గా ఉండాలని 2017లో అలహాబాద్ హైకోర్టు తీర్పిచ్చింది. 2018 మార్చిలో యూజీసీ ఆ ప్రకారం ఉత్తర్వు జారీ చేసింది. ఆ లెక్కలో నాలుగో పోస్టు ఓబీసీకి, ఏడోది ఎస్సీకి, పద్నాలుగోది ఎస్టీకి వస్తాయి. అడవుల గురించి బోధించే చిన్న శాఖల్లో పద్నాలుగు పోస్టులు ఎక్కడుంటాయి? అంటే ఆదివాసుల గురించి పాఠం చెప్పే శాఖలోకి ఆదివాసీ రిజర్వేషన్ ద్వారా ఎన్నటికీ రాలేడు. దేశవ్యాప్త ఆందోళన తర్వాత 2019 మార్చిలో ఆర్డినెన్సు, జూలైలో చట్టం వచ్చి కేంద్రీయ విద్యాసంస్థల్లో మళ్లీ సంస్థనే యూనిట్‌గా నిలబెట్టాయి. వీధికెక్కితే తప్ప కూడికలు తీసివేతలు కూడా మనకు న్యాయం చేయవని ఆ రెండేళ్లు నేర్పాయి.

రోస్టర్ దాటినా ఇంటర్వ్యూ గది ఉంది. నా దగ్గర పరిశోధన చేసిన ఒక కోయ యువకుడు తునికాకు కల్లాల ఆర్థిక వ్యవస్థపై సిద్ధాంత వ్యాసం రాశాడు. ఒక విశ్వవిద్యాలయంలో ఇంటర్వ్యూకు వెళితే, ‘మీవాళ్ల గురించి మీరే రాస్తే నిష్పాక్షికత ఎలా ఉంటుంది’ అని అడిగారట. అగ్రహారాల చరిత్ర రాసిన బ్రాహ్మణ పండితుడిని, భూస్వామ్య కుటుంబాల నుంచి వచ్చి రైతు ఉద్యమ చరిత్ర రాసిన ఆచార్యులను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఫలితంలో ‘తగిన అభ్యర్థి దొరకలేదు’ అని తేల్చారు. అతనిప్పుడు ప్రాజెక్టు నుంచి ప్రాజెక్టుకు మారుతూ సర్వేలు చేస్తున్నాడు. అతను కోయ భాషలో సేకరించిన సమాధానాలు ఆంగ్ల నివేదికలుగా మారతాయి. అతని పేరు ‘క్షేత్ర సహాయకులు’ అనే వరుసలో ఉంటుంది.

దారి అసలు లేదని చెప్పను. ముండా సమాజం నుంచి వచ్చిన రామ్ దయాల్ ముండా షికాగోలో డాక్టరేట్ చేసి, మిన్నెసోటాలో బోధించి, తిరిగి వచ్చి రాంచీ విశ్వవిద్యాలయంలో ఆదివాసీ భాషల శాఖను నిలబెట్టి ఉపకులపతి అయ్యారు. ఉరావ్ సమాజం నుంచి వచ్చిన వర్జీనియస్ ఖాఖా ఢిల్లీ విశ్వవిద్యాలయంలో బోధించారు. తెగలను కులంగా మారే దశలోని సమూహాలుగా చూసే అలవాటును ఆయన ప్రశ్నించారు. ఆయన అధ్యక్షతన ఏర్పడిన ఉన్నతస్థాయి కమిటీ 2014లో ఇచ్చిన నివేదిక ఆదివాసుల భూమి, అడవి, నిర్వాసిత్వంపై నేటికీ ప్రామాణికం. తెలుగు నేల మీద కోయ, గోండు, సవర, చెంచు సమాజాల నుంచి ఆ స్థాయి ఆచార్యులు ఎదగడానికి ఏం అడ్డం వస్తోందో మన ప్రభుత్వాలు చెప్పాలి. ఎస్టీ జాబితాలోనూ అవకాశాలు అందరికీ సమానంగా అందవు. చెంచు, కొలాం, కొండరెడ్డి వంటి చిన్న తెగలను వేరుగా లెక్కించకపోతే రిజర్వేషన్ కూడా పైమెట్టు మీదే ఆగుతుంది.

చేయదగినవి ఏమంత కష్టమైనవి కావు. ములుగు, విజయనగరం గిరిజన విశ్వవిద్యాలయాల్లో అడవి, సమాజం, చట్టాలపై పూర్తికాల అధ్యాపక పోస్టులతో శాఖలు పెట్టాలి. అతిథి అధ్యాపకులతో నెట్టుకురాకూడదు. ఆ శాఖల నియామకాల్లో గోండి, కోయ, కువి, సవర భాషల్లో ప్రావీణ్యాన్ని అర్హతగా లెక్కించాలి. అటవీ కళాశాలల్లో హక్కుల చట్టం, అటవీ చరిత్ర, కులం తప్పనిసరి పాఠాలు కావాలి. వాటిని సామాజిక శాస్త్రాలవారే బోధించాలి. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ అర్హతల్లో సామాజిక శాస్త్రాలను చేర్చాలి. ఏ ఊరిపై పరిశోధన జరిగిందో ఆ గ్రామసభకు దాని ప్రతి తెలుగులోనో, వారి భాషలోనో అందాలి.

ఈ రంగంలోకి రావాలనుకునే విద్యార్థులకు ఒక మాట. ఆదివాసీ భాష ఒకటి పట్టుదలగా నేర్చుకోండి. నిజాం నాటి కాగితాల కోసం ఉర్దూ నేర్చుకోండి. అటవీశాఖ వర్కింగ్ ప్లాన్లు చదవడం అలవాటు చేసుకోండి. అధికారం తన లెక్కను అందులోనే రాసుకుంటుంది. ఉద్యోగం ఉందా అని అడిగిన పిల్లలకు నేనిచ్చే జవాబు ఇదే: పని బోలెడంత ఉంది, పోస్టులు లేవు. పోస్టులు ఎక్కడ మంజూరవుతున్నాయో, ఏ రోస్టర్ ప్రకారం నింపుతున్నారో, ‘తగిన అభ్యర్థి దొరకలేదు’ అని ఎన్నిసార్లు రాశారో సమాచార హక్కు చట్టం కింద అడగండి. ములుగు విశ్వవిద్యాలయం ఇంకా తొలి అడుగుల్లో ఉంది. ఎవరి కుర్చీ ఎక్కడ వేస్తారో తేలే కాలమిది. ఇప్పుడు అడగకపోతే మరో తరం క్షేత్ర సహాయకుల వరుసలోనే మిగిలిపోతుంది.