విద్యుత్తు నిలిచిన రాత్రి తొట్టిలోని చేపలు

గత ఏప్రిలు మాసమున నొకరాత్రి బేస్తవారిపేటయందు గాలివాన వీచి, విద్యుత్తు తెల్లవారువరకు నిలిచిపోయెను. ఉదయమున విజ్ఞానశాస్త్రపు గది తలుపు తెఱచి చూడగా, గాజుతొట్టిలోని ఏడు బంగారుచేపలును వెల్లకిల తేలుచుండెను. తొట్టిని కనిపెట్టుకొనియుండు బాలుడు, తాను మేత యెక్కువగా వేసితినేమోయని కన్నీరు పెట్టుకొనెను. దోషము వానిది కాదు. విద్యుత్తు పోయినచో నేమి చేయవలెనో ముందుగా నాలోచింపని నాదియే. వానికి చెప్పిన సంగతులనే విద్యార్థులందఱి నిమిత్తము ఇచ్చట వ్రాయుచున్నాను.

చేపలు నీటిలో కరగియున్న ప్రాణవాయువును మొప్పలద్వారా గ్రహించును. 20 డిగ్రీల వేడిగల లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లిగ్రాముల ప్రాణవాయువు కరగియుండగలదు. 30 డిగ్రీలయందు అది ఏడున్నరకు దిగును. నీరు వేడెక్కినకొలది చేపకు ప్రాణవాయువు అవసరము మాత్రము హెచ్చును. కావున మన ప్రాంతపు వేసవి రాత్రి రెండు విధముల అపాయకరము. నీటిమొక్కలు పగలు ప్రాణవాయువు నిచ్చినను, రాత్రి తామే దానిని గ్రహించును. అందుచే తెల్లవారుజామున కొఱత మిక్కుటమగును. కొరమేను పైకివచ్చి గాలిని పీల్చి బ్రతుకగలదు. బంగారుచేపకు అట్టి యవయవము లేదు.

గాలిపంపు చేయు ముఖ్యమైన పని యేమనగా, బుడగలచే అడుగునీటిని పైకి తెచ్చి గాలికి తాకించుట. ఆ కదలిక నిలిచినచో పైనీరు మాత్రమే గాలిని గ్రహించును. మన కోస్తా రొయ్యలచెరువుల రైతులు ఈ సంగతి నెఱిగినవారే. నీటిని చిలుకు ఏరియేటర్లు కరెంటు లేక ఆగినచో, వారు జాగుసేయక డీజిలు జనరేటర్లను నడుపుదురు.

ఇంటి తొట్టికి అంత యంత్రము అక్కఱలేదు. 12 వోల్టుల, 7 ఆంపియర్-గంటల బాటరీలో 84 వాట్-గంటల శక్తి యుండును. సీసపు బాటరీ చెడకుండుటకై అందు సగమే, అనగా 42 మాత్రమే వాడుట మేలు. ఇన్వర్టరులో కొంత నష్టముపోగా సుమారు 30 మిగులుననుకొన్నను, 5 వాట్ల గాలిపంపు 6 గంటలు నడచును. దీపమును బాటరీకి తగిలింపరాదు. చీకటివలన చేప చావదు. పంపును నీటిమట్టముకంటె ఎత్తున నుంచవలెను. లేనిచో అది ఆగినపుడు నీరు గొట్టముగుండ వెనుకకు పాఱవచ్చును. ఇన్వర్టరునుండి వచ్చు 230 వోల్టులును ప్రాణాంతకమే. ప్లగు తీయక తొట్టిలో చేయి పెట్టరాదు.

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను తాకినపుడు విశాఖపట్టణమున పెక్కు ఇండ్లకు దినములకొలది విద్యుత్తు లేకపోయెను. అట్టి వేళ చిన్న బాటరీ చాలదు, చేతులే సాధనము. చెంబుతో తొట్టినీటిని ముంచి, జానెడెత్తునుండి తిరిగి అందులోనే పోయవలెను. కొన్ని నిమిషములట్లు చేసి, చేపలు నోరు తెఱచుచు పైకి వచ్చినపుడెల్ల మరల చేయవలెను. మూత తీసియుంచవలెను. మేత వేయరాదు, మిగిలిన మేత కుళ్లుచు ప్రాణవాయువును హరించును. ఆరోగ్యముగల పెద్దచేప కొన్ని దినములు మేతలేక యుండగలదు.

మఱియొక సంగతి మఱవరాదు. వడపోతపెట్టెలోని సూక్ష్మజీవులు చేపల మలమునుండి పుట్టు అమోనియా విషమును మార్చుచుండును. నీటి ప్రవాహము చాలగంటలు నిలిచినచో అవియు చచ్చును. కావున కరెంటు రాగానే వడపోతను నడుపక, అందలి మురికినీటిని పాఱబోసి, స్పంజిని తొట్టినుండి తీసిన నీటితో కడిగి, పిమ్మట నడుపవలెను.

ఇప్పుడు మన తొట్టిలో మూడే చేపలు గలవు. దాని పరిమాణమునకు అవియే చాలును. ప్రతి శనివారము ఆ బాలుడే ప్లగు తీసి, బాటరీమీద పంపు ఎంతసేపు నడచునో గడియారము చూచి పుస్తకమున వ్రాయుచున్నాడు.