క్వింటా తేడా పెద్దదా, చిన్నదా?

పాత కర్నూలు జిల్లాలోని కోయిలకుంట్ల, కడప జిల్లాలోని జమ్మలమడుగు నల్లరేగడి చేలల్లో రబీ శనగ ఎక్కువగా నేలలో మిగిలిన తేమ మీదే పండుతుంది. అక్కడ బాగా పాతుకుపోయిన జేజీ-11 రకాన్ని, నంద్యాల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఎన్‌బీఈజీ-47తో పోల్చాలనుకుందాం. రెండోది నిటారుగా పెరుగుతుంది, యంత్రంతో కోయవచ్చు. మరి దిగుబడి సంగతి?

చాలా ఊళ్లలో, ఊరికి కొందరు రైతుల చేలల్లో రెండు విత్తనాలూ వేస్తాం. ఒకే ఊరి చేలకు నేల, వాన దాదాపు ఒకటే కాబట్టి వాటి దిగుబడులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. అందుకే విత్తనం ప్రభావాన్ని, ఊరి ప్రభావాన్ని విడదీసే మిశ్రమ ప్రభావాల నమూనా వాడతారు. చిక్కంతా ఆ తర్వాత, ఫలితం ఎంత పెద్దదో చెప్పేటప్పుడు వస్తుంది.

లెక్క కోసం కొన్ని అంకెలు ఊహిద్దాం. కొత్త విత్తనం ఎకరాకు 1 క్వింటా ఎక్కువిచ్చింది. ఒకే ఊరి చేల మధ్య ప్రామాణిక విచలనం 1 క్వింటా, ఊళ్ల మధ్య 2 క్వింటాళ్లు. తేడాను ఊరి లోపలి విచలనంతో భాగిస్తే 1 వస్తుంది. ప్రభావ పరిమాణాన్ని అంచనా వేసే కోహెన్ కొలమానంలో 0.8 దాటితే పెద్ద ప్రభావమే. రెండు విచలనాల వర్గాలూ కలిపితే 5, దాని వర్గమూలం, అంటే మొత్తం విచలనం, సుమారు 2.24. దానితో భాగిస్తే 0.45, అంటే అదే కొలమానంలో మధ్యస్థ ప్రభావానికి కాస్త తక్కువ. పంట మారలేదు, హారం మారింది.

దిగుబడి తేడాల్లో ఎంత వాటాను నమూనా వివరించిందో చెప్పే ఆర్-స్క్వేర్‌లోనూ ఇదే జాగ్రత్త కావాలి. 2013లో నకగావా, షీల్జెత్ అనే పరిశోధకులు మిశ్రమ నమూనాలకు రెండు రకాలు సూచించారు: ఒకటి విత్తనం వంటి స్థిర ప్రభావాలు వివరించే వాటా, రెండోది ఊళ్ల తేడాను కూడా కలుపుకున్న వాటా. రెండోది ఎక్కువగా ఉన్నంత మాత్రాన ఆ ఘనత విత్తనానిది కాదు. అది నేలదీ వానదీ కావచ్చు.

ఏది ఎంచుకోవాలి? ముందు ఎకరాకు ఎన్ని క్వింటాళ్లో, ఆ అంచనా ఏ హద్దుల మధ్య ఉందో చెప్పాలి. లాభం ఊరూరికీ ఎంత మారిందో కూడా చెప్పాలి, ఎందుకంటే సగటున పెరిగిన చోటే కొన్ని ఊళ్లు నష్టపోయి ఉండవచ్చు. వేరే అధ్యయనాలతో పోల్చాల్సి వస్తేనే మొత్తం విచలనంతో భాగించాలి, దేనితో భాగించామో రాయాలి. హారం చెప్పని ప్రభావ పరిమాణాన్ని నమ్మి ఏ రైతూ విత్తనం మార్చనక్కర్లేదు.