ఫోనును చెరిపివేయుటకు ముందు...
యాప్‌లు వాటంతటవే మూసుకొనిపోవుచున్నప్పుడు రైతు చేయదగిన పనులు

నేడు స్మార్ట్‌ఫోను కూడ పార, కొడవలి వలె సేద్యమునకు పనిముట్టయినది. పంట నమోదు, పి.ఎం. కిసాన్ ఇ-కేవైసీ, బ్యాంకు లావాదేవీలు, వాన కబురు, అన్నియు దానిలోనే జరుగుచున్నవి. అట్టి ఫోనులో యాప్ తెరచిన వెంటనే మూసుకొనిపోయి, "ఆగిపోయినది" అను మాట కనబడినచో కంగారు కలుగుట సహజము. ఆ కంగారులో కొందరు ఫోనును మొత్తము చెరిపివేయింతురు. ఫోను బాగుపడవచ్చును, కాని చీడ పట్టిన పైరు ఫోటోలు, ధాన్యము అమ్మిన రసీదులు, ఇంకను పంపని వివరములు పోయినచో తిరిగి రావు. తెగులేదో తెలియక మందు చల్లుట ఎట్టిదో, ఇదియు అట్టిదే.

లోపము మడిలోనా, తూములోనా?

ఒక్క మడి మాత్రమే ఎండినచో లోపము ఆ మడిలో వెదకుదుము. తూము క్రింది మళ్లన్నియు ఒకేసారి ఎండినచో తూము వద్దకు పోయి చూచెదము. ఫోను విషయములోను ఇదే పద్ధతి. ఒక్క యాప్ మాత్రమే ఆగుచున్నచో లోపము చాలవరకు దానిలోనే ఉండును. నిన్నటివరకు బాగున్న నాలుగైదు యాప్‌లు ఒకేరోజున ఆగుచున్నచో, వాటన్నిటికి ఆధారమైన సిస్టమ్ యాప్‌ను అనుమానింపవలెను.

సిస్టమ్ యాప్ అనగా ఫోనుతోపాటే వచ్చునది. దానిని మనము తీసివేయజాలము. అట్టివానిలో "ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ" ముఖ్యమైనది. ఇతర యాప్‌ల లోపల ఇంటర్నెట్ పేజీలను చూపుట దీని పని. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5 నుండి దీనికి ప్లే స్టోర్ ద్వారా మార్పులు వచ్చుచున్నవి. ఆండ్రాయిడ్ 7, 8, 9 రకముల ఫోన్లలో ఈ పనిని సాధారణముగా క్రోమ్ చేయును.

2021 మార్చిలో జరిగినది

2021 మార్చి 22, 23 తేదీలలో ప్రపంచమంతట ఆండ్రాయిడ్ ఫోన్లలో జీమెయిల్ మొదలగు యాప్‌లు తెరచిన వెంటనే మూసుకొనిపోయినవి. ప్రజలు ఆయా యాప్‌లనే అనుమానించిరి. లోపము మాత్రము వెబ్‌వ్యూ, క్రోమ్‌లలో ఉన్నది. వెబ్‌వ్యూకు వచ్చిన మార్పులను వెనుకకు తీసివేసినవారికి యాప్‌లు మరల పనిచేసినవి. పిమ్మట గూగుల్ సంస్థ సరిచేసిన వెబ్‌వ్యూను, క్రోమ్‌ను ప్లే స్టోర్ ద్వారా పంపినది. ఆనాడు ఫోనును చెరిపివేసిన వారికి కలిగినది అనవసర నష్టమే.

వరుసగా చేయవలసిన పనులు

తేలిక పని ముందు, బరువు పని వెనుక చేయవలెను. ఒక్కొక్క పని తరువాత యాప్‌ను తెరచి చూడవలెను. బాగుపడినచో అక్కడనే ఆపవలెను.

1. ఫోనును ఒకసారి ఆపి, తిరిగి వేయుడు.

2. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ చూడుడు. చోటు నిండినచో అక్కరలేని వీడియోలను తీసివేయుడు. చోటు చాలకయు యాప్‌లు ఆగును.

3. ప్లే స్టోర్‌లో ఆ యాప్‌కు, వెబ్‌వ్యూకు, క్రోమ్‌కు అప్‌డేట్ ఉన్నచో చేయుడు.

4. సెట్టింగ్స్, యాప్స్‌లో ఆ యాప్ పేరు నొక్కి, ఫోర్స్ స్టాప్, ఆపైన స్టోరేజ్‌లో క్లియర్ కాష్ నొక్కుడు. ఇది తాత్కాలికముగా దాచుకొన్న సరుకును మాత్రమే తీసివేయును. ప్రక్కనే ఉన్న క్లియర్ డేటాను తొందరపడి నొక్కరాదు. అది ఆ యాప్‌లో దాచినవన్నియు చెరిపివేయును.

5. చాల యాప్‌లు ఒకేసారి ఆగుచున్నచో, యాప్స్ జాబితాలో "షో సిస్టమ్" ఎంచుకొని వెబ్‌వ్యూను తెరవుడు. పై మూలనున్న మూడు చుక్కలను నొక్కి "అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్" చేయుడు. యాప్ పోదు, పాత స్థితికి వచ్చును. ఇది తాత్కాలిక వైద్యము మాత్రమే. కొన్ని రోజులలో సరిచేసిన అప్‌డేట్ రాగానే మరల వేసికొనవలెను.

6. ఈ మధ్య క్రొత్త యాప్ వేసియున్నచో దానిని తీసివేసి చూడుడు.

7. ఫ్యాక్టరీ రీసెట్ అన్నిటికంటె చివరిది. ఫోటోలు, నంబర్లు, రసీదులు వేరొక చోట భద్రపరచిన పిమ్మటనే చేయవలెను.

గ్రామాధికారులకు మనవి

పొలములో సిగ్నల్ లేక, నమోదు చేసియు ఇంకను పంపని వివరములు మీ ఫోనులో ఉండవచ్చును. క్లియర్ డేటా నొక్కినచోగాని, యాప్‌ను తీసి తిరిగి వేసినచోగాని అవి పోవచ్చును. తిరిగి ఎక్కించునాటికి గడువు దాటినచో నష్టపోవునది రైతు. కనుక వివరములు చేరినవో లేదో ముందు చూచుకొనుడు. తెరపై వచ్చిన మాటను ఫోటో తీసి, తేదీ, సమయముతో పై అధికారికి పంపుడు.

గడువు కొరకు యాప్‌నే నమ్ముకొని కూర్చుండరాదు. ఉదాహరణకు పి.ఎం. కిసాన్ ఇ-కేవైసీ ముఖము చూపు యాప్‌తోనే గాక, కామన్ సర్వీస్ సెంటర్‌లో వేలిముద్రతోను చేయించుకొనవచ్చును.

మోసగాండ్రతో జాగ్రత్త

యాప్ ఆగినది గదా యని ఇంటర్నెట్‌లో దొరికిన ఏదో కస్టమర్ కేర్ నంబరుకు ఫోను చేయరాదు. సరిచేసెదమని వాట్సాప్‌లో పంపు ఏపీకే ఫైలును వేసికొనరాదు. మీ తెరను దూరమునుండి చూచు యాప్‌ను పెట్టుకొమ్మన్నచో నిరాకరింపుడు. ఓటీపీ, పిన్ ఎవరికిని చెప్పరాదు. సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930కి ఫోను చేసి, బ్యాంకుకు తెలుపవలెను.

ఈ ఏడు పనులలో మొదటి ఐదింటికి పావుగంట చాలును, ఖర్చేమియు లేదు. ఇంటిలో చదువుకొన్న పిల్లలున్నచో వారిచేత ఈ వరుసను చదివించుకొని, ప్రక్కన కూర్చుండి చేయుడు. ముందుగా మడి చూడుడు, తరువాత తూము చూడుడు. పొలమంత దున్నివేయుట ఆ రెండును అయిన పిమ్మటి మాట.