సేఫ్టీ వాల్వ్ తెరుచుకుంటే అంత హోరు ఎందుకు?

పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం ఫ్యాక్టరీల్లో బాయిలర్ ప్రెషర్ హద్దు దాటితే సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని ఆవిరి పైకి చిమ్ముతుంది. అది రాత్రిపూట జరిగితే దూరాన కాలనీల్లో పడుకున్నవాళ్లు కూడా ఉలిక్కిపడి లేస్తారు. ఆ శబ్దం ఎక్కడిది? దాన్ని ముందే లెక్కకట్టగలమా?

శబ్దం ఎక్కడ పుడుతుంది?

చాలావరకు పైపు మూతి దాటాక, బయటి గాలిలో. దూసుకొచ్చే ఆవిరికీ నిశ్చలంగా ఉన్న గాలికీ నడుమ సుడులు లేస్తాయి. అవి పెరిగి, ఒకదానిలో ఒకటి కలిసి, చెదిరిపోతుంటే గాలి ఒత్తిడి క్షణక్షణం మారుతుంది. ఆ మార్పులే అలలుగా మన చెవికి చేరతాయి. బాయిలర్‌లో ఒత్తిడి బయటికన్నా రెట్టింపు దాటితే ఇరుకు దారిలో ఆవిరి ధ్వనివేగాన్ని అందుకుంటుంది. అప్పుడు మూతి బయట షాక్ తరంగాలు ఏర్పడి హోరుకు కీచుదనం తోడవుతుంది.

వేగం ఎంత ముఖ్యం?

జెట్ ఇంజన్ల మోత గురించి ఆలోచిస్తూ 1952లో బ్రిటిష్ గణితవేత్త జేమ్స్ లైట్‌హిల్ దీనికి సూత్రం కట్టాడు. ధ్వనివేగానికి లోపు ప్రవాహాల్లో శబ్దశక్తి వేగానికి ఎనిమిదో ఘాతంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే 256 రెట్లు, అంటే 24 డెసిబెల్స్ ఎక్కువ. అదే వేగంతో పైపు వ్యాసం రెట్టింపైతే పెరిగేది నాలుగు రెట్లే, 6 డెసిబెల్స్.

ముందే ఎలా చెప్పగలం?

ప్రధాన స్వరానికి ఒక చిన్న లెక్క ఉంది: వేగాన్ని వ్యాసంతో భాగించి, 0.2తో గుణించాలి. సెకనుకు 300 మీటర్ల వేగం, 10 సెంటీమీటర్ల పైపు అయితే 600 హెర్ట్జ్, అది హోరు. 5 మిల్లీమీటర్ల రంధ్రమైతే 12,000 హెర్ట్జ్. అది దుమ్ము ఊదే ఎయిర్ గన్ బుస. ఇక దూరం. అది రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతాయి. 10 మీటర్ల దగ్గర 120 ఉంటే 640 మీటర్ల దగ్గర 84. నివాస ప్రాంతంలో రాత్రి పరిమితి 45 అని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పైగా నేల చల్లబడిన రాత్రుల్లో శబ్దం కిందికి వంగి ఇంకా దూరం పోతుంది.

సుడులను ఒక్కొక్కటిగా లెక్కించాలంటే సూపర్ కంప్యూటర్ కావాలి. కంది ఐఐటీ హైదరాబాద్‌లో ‘పరమ్ సేవా’ అలాంటిదే. అయినా అతి చిన్న సుడులన్నీ దానికీ అందవు. అందుకే కంప్యూటర్ చెప్పినదాన్ని మైక్రోఫోన్ కొలతలతో సరిచూస్తారు.

తగ్గించడం ఎలా?

సేఫ్టీ వాల్వ్‌ను మూయకూడదు, దాని దారికి అడ్డు పెట్టకూడదు. అందుకే ఆవిరి బయటికి పోయే పైపుకు (వెంట్‌కు) సైలెన్సర్ అమర్చి, అందులో ఆవిరిని సన్నని రంధ్రాల గుండా పంపి ఒత్తిడిని అంచెలంచెలుగా దించుతారు. రంధ్రాలు చిన్నవి కాబట్టి స్వరం హెచ్చవుతుంది. హెచ్చు స్వరాన్ని లోపలి దూదిలాంటి పొర తేలిగ్గా పీల్చుకుంటుంది. చివర మూతి వెడల్పుగా ఉంటే ఆవిరి నెమ్మదిగా వెళ్తుంది.

అందుకే బాయిలర్ ఆర్డరు కాగితంలోనే రెండు అంకెలు అడగాలి: వెంట్ మూతి దగ్గర ఆవిరి వేగం ఎంత, దగ్గరి ఇంటి గోడ దగ్గర శబ్దం ఎంత? కాగితం మీద దిద్దుకోవడం సులువు. పైపు నిలబెట్టాక ఖర్చు ఫ్యాక్టరీది, పోయిన నిద్ర కాలనీది.