యాత్రకు ముందు బీమా: ఎవరికి అవసరం? ఎవరికి అనవసరం?

వేసవి సెలవులు సమీపించగానే మధ్యతరగతి గృహాలలో ప్రయాణ సన్నాహాలు ఆరంభమవుతాయి. ఊరగాయ సీసాలకు మూతలు బిగించడం మొదలు ఇంటి తాళం చెవి ఎవరికి అప్పగించాలో తేల్చుకోవడం వరకు అన్నిటినీ ముందుచూపుతో ఆలోచించే గృహస్థులు, టికెట్టు కొనే వేళ "ప్రయాణ బీమా కావాలా?" అన్న ప్రశ్న ఎదురైనప్పుడు మాత్రం క్షణమైనా యోచించక అవుననో కాదనో గుర్తు పెట్టివేస్తారు. బయలుదేరే ముందు ప్రమాదం మాట తలచడం అశుభమని కొందరు వద్దంటారు. ఏమో, ఏమి జరుగుతుందోనని మరికొందరు భయంతో తీసుకుంటారు. లెక్క చూసి నిర్ణయించేవారు అరుదు.

ఆరోగ్య పత్రికలో బీమా ప్రస్తావన ఏమిటని పాఠకులు శంకించవచ్చు. ప్రయాణ బీమాలో ముఖ్యభాగం వైద్య ఖర్చులకు సంబంధించినదే. పైగా ఆయుర్వేద ఔషధాలు సేవిస్తున్నవారు ప్రత్యేకించి తెలుసుకోవలసిన చిక్కు ఒకటి ఇందులో ఉన్నది. దానిని తరువాత వివరిస్తాము.

మొదట ఒక్క ప్రశ్న వేసుకోవాలి. ఈ ప్రయాణంలో జరుగగల నష్టాలలో మన కుటుంబం సొంత డబ్బుతో భరించలేనిది ఏది? పెట్టె పోతే బాధే కాని సంసారం కుదేలు కాదు. హోటలు గదికి కట్టిన అడ్వాన్సు పోయినా అంతే. గుండెపోటుతో పరాయి దేశపు ఆసుపత్రిలో పది రోజులు ఉండవలసివస్తే ఆ బిల్లు ఒక జీవితకాలపు పొదుపును మింగివేయగలదు. బీమా ఈ రెండవ రకం నష్టానికే. మొదటి రకానికి కూడా బీమా కొంటూ పోతే, కంపెనీకి లాభమే కాని మనకు కాదు.

స్వదేశ యాత్రలు

తిరుపతి, కాశీ, ఊటీ, కేరళ వంటి స్వదేశ ప్రయాణాలకు ప్రత్యేకంగా పెద్ద పాలసీ కొనవలసిన అవసరం చాలా కుటుంబాలకు లేదని మా అభిప్రాయం. ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా ఉన్నట్లయితే అది సాధారణంగా దేశమంతటా చెల్లుతుంది. హైదరాబాదులో ఉపయోగపడే కార్డే వారణాసిలోనూ ఉపయోగపడుతుంది. వెళ్లే ఊరిలో నగదు చెల్లించకుండా చికిత్స చేసే నెట్‌వర్క్ ఆసుపత్రులు ఏవో ముందే ఒక కాగితం మీద వ్రాసుకుంటే చాలును. డెబ్భై ఏళ్లు నిండిన పెద్దలకు మరొక ఆధారం కూడా ఉన్నది. 2024 అక్టోబరు 29 నుండి ఆయుష్మాన్ భారత్ పథకాన్ని, ఆదాయంతో నిమిత్తం లేకుండా, 70 ఏళ్లు దాటినవారందరికీ విస్తరించారు. సంవత్సరానికి రూ. 5 లక్షల వరకు ఆసుపత్రి చికిత్స లభిస్తుంది. పథకంలో చేరిన ఇతర రాష్ట్రాల ఆసుపత్రులలో కూడా పొందవచ్చును. అయితే ముందుగా నమోదు చేయించుకొని కార్డు తీసుకోవాలి. ఇది పేదలకు మాత్రమే అనుకొని ఊరుకునే మధ్యతరగతి పెద్దలు తమ కార్డు కోసం వెంటనే విచారించడం మంచిది.

రైలు ప్రయాణం సంగతి వేరు. ఐ.ఆర్.సి.టి.సి. ద్వారా టికెట్టు కొనేటప్పుడు మనిషికి 45 పైసలకు ఒక బీమా ఇస్తారు. రైలు ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా పూర్తి అంగవైకల్యం కలిగినా రూ. 10 లక్షలు, పాక్షిక వైకల్యానికి రూ. 7.5 లక్షలు, గాయాలతో ఆసుపత్రిలో చేరితే రూ. 2 లక్షల వరకు దీనిలో చెల్లిస్తారు. రూపాయి కూడా కాని ఈ బీమాను వద్దనడానికి కారణం కనబడదు. కాని చాలామంది ఇక్కడ ఒక పని మరచిపోతారు. టికెట్టు కొన్న తరువాత బీమా కంపెనీ నుండి సెల్‌ఫోనుకు సందేశం వస్తుంది. అందులోని లింకు తెరచి నామినీ పేరు నింపాలి. అది నింపకపోతే, కష్టకాలంలో ఇంటివారు వారసత్వ పత్రాల కోసం కార్యాలయాల చుట్టూ తిరగవలసివస్తుంది. రోగం వచ్చి రైలులో పడిపోయినవారికి ఇది వర్తించదని కూడా గుర్తుంచుకోవాలి. ఇది రైలు ప్రమాదాలకు మాత్రమే.

స్వదేశంలో నిజంగా ఆలోచించవలసినవి ఎత్తయిన కొండ యాత్రలు. కేదారనాథ్ సముద్రమట్టానికి సుమారు 3,580 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ గాలిలో ప్రాణవాయువు పలుచన. ఉబ్బసం, హృద్రోగం, అధిక రక్తపోటు గలవారికి హఠాత్తుగా ఇబ్బంది కలుగవచ్చును. ఆరోగ్య బీమా ఆసుపత్రి ఖర్చు ఇస్తుంది కాని, కొండ మీది నుండి రోగిని క్రిందికి చేర్చే హెలికాప్టరు ఖర్చు అన్ని పాలసీలలోనూ ఉండదు. 2013 జూన్ వరదల తరువాత యాత్రికులకు మార్గమధ్యంలో చిక్కుకొనిపోవడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఇటువంటి యాత్రకు వెళ్లే పెద్దలు తమ పాలసీలో ఎయిర్ అంబులెన్స్ ఉన్నదో లేదో చూసుకొని, లేకపోతే ఆ కొద్ది రోజులకు విడిగా తీసుకోవడం సమంజసం.

పంచకర్మ కోసం కేరళ వెళ్లేవారు తరచుగా అడిగే ప్రశ్న మరొకటి. ముందే నిర్ణయించుకొని చేయించుకునే చికిత్సకు ప్రయాణ బీమా వర్తించదు. ఆరోగ్య బీమా విషయంలో 2024 ఏప్రిల్ 1 నుండి ఆయుష్ చికిత్సలను ఇతర చికిత్సలతో సమానంగా చూడాలని నియంత్రణ సంస్థ ఐ.ఆర్.డి.ఎ.ఐ. ఆదేశించింది. అయినా అది వ్యాధికి, గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చేరి పొందిన చికిత్సకే. విశ్రాంతి కోసం చేయించుకునే తైలమర్దనానికి డబ్బు వస్తుందని ఆశించరాదు.

సముద్రం దాటి వెళ్లేవారు

విదేశ ప్రయాణానికి వచ్చేసరికి లెక్క తలక్రిందులవుతుంది. ఐరోపాలోని షెంజెన్ దేశాలకు వెళ్లేవారికి ఎంపిక సమస్యే లేదు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా లేనిదే ఆ వీసా ఇవ్వరు. అమెరికా అటువంటి నిబంధన పెట్టలేదు. విచిత్రమేమంటే, వైద్యం అత్యంత ఖరీదైన ఆ దేశానికే మన తెలుగు తల్లిదండ్రులు బిడ్డల ఇళ్లకు, కాన్పులకు, మనుమల అక్షరాభ్యాసాలకు వెళ్లి ఆరేసి నెలలు ఉండి వస్తున్నారు.

"అక్కడ డబ్బు లేకపోయినా అత్యవసర చికిత్స చేస్తారట కదా" అని కొందరంటారు. ఇది సగం నిజం. 1986 నాటి అక్కడి చట్టం ప్రకారం మెడికేర్ పథకంలో చేరిన ఆసుపత్రులు అత్యవసర విభాగానికి వచ్చిన రోగిని డబ్బు లేదన్న కారణంతో పరీక్షించకుండా, స్థిమితపరచకుండా పంపివేయరాదు. కాని చికిత్స ఉచితమని ఆ చట్టం చెప్పదు. బిల్లు తరువాత ఇంటికి వస్తుంది. అప్పుడది కొడుకో కూతురో తలకెత్తుకోవలసిన భారమవుతుంది. కనుక అమెరికా వెళ్లే పెద్దలు బీమా లేకుండా విమానం ఎక్కరాదని మేము నిస్సంకోచంగా చెబుతున్నాము.

ఏ పాలసీ అన్నది తరువాతి ప్రశ్న. ధర ఒక్కటే చూసి తీసుకోవడం ఇక్కడ ప్రమాదకరం. యాభై వేల డాలర్ల పాలసీ అని పైన పెద్ద అక్షరాలతో ఉంటుంది. లోపల అరవై దాటినవారికి గది అద్దెకు ఇంత, శస్త్రచికిత్సకు ఇంత అని విడివిడి పరిమితులు ఉండవచ్చును. ఆ పరిమితులు అక్కడి ధరలలో ఏ మూలకూ రావు. అక్కడి కంపెనీలు సందర్శకులకు అమ్మే పాలసీలలోనూ రెండు తెగలున్నాయి. ఒకటి ప్రతి చికిత్సకు ఒక స్థిర మొత్తం మాత్రమే ఇచ్చేది; ఇది చౌక. రెండవది పాలసీ మొత్తం వరకు అసలు బిల్లులో అధికభాగం భరించే సమగ్ర పాలసీ, ఖరీదు ఎక్కువ. స్తోమత ఉన్నవారు రెండవ దానినే ఎంచుకోవాలి. ఆరు నెలలకు ప్రీమియం మరీ భారమనిపిస్తే, చౌక పాలసీతో ఆరు నెలలు ఉండడం కన్నా మంచి పాలసీతో మూడు నెలలు ఉండి రావడం మేలని మా సలహా.

ఆయుర్వేదం వాడుతున్నవారికి ముఖ్య సూచన

ఇక మొదట చెప్పిన చిక్కు. మధుమేహానికి, రక్తపోటుకు, కీళ్లవాతానికి ఆయుర్వేద ఔషధాలు మాత్రమే సేవించేవారు మన పాఠకులలో ఎందరో ఉన్నారు. దరఖాస్తులో "మీకు ఏదైనా వ్యాధి ఉన్నదా? చికిత్స పొందుతున్నారా?" అన్న చోట వీరు లేదని వ్రాస్తారు. ఇంగ్లీషు మందులు వాడడం లేదు కదా, చక్కెర అదుపులోనే ఉన్నది కదా అన్నది వీరి భావన.

ఇది పొరపాటు. మన దేశపు బీమా నిబంధనలలో వైద్యుడంటే అల్లోపతి వైద్యుడు మాత్రమే కాదు. భారతీయ వైద్య మండలిలో నమోదైన ఆయుర్వేద వైద్యుడు కూడా ఆ నిర్వచనంలోకే వస్తాడు. ఆయన నిర్ధారించిన మధుమేహం కూడా మధుమేహమే. అది దాచి పాలసీ తీసుకున్న తరువాత, విదేశంలో ఆసుపత్రిలో చేరినప్పుడు అక్కడి వైద్యుడు మొదట అడిగేది పూర్వచరిత్రనే. రోగి పక్కనున్న భార్య "పదేళ్లుగా షుగరు ఉన్నది, చూర్ణం వాడుతున్నారు" అని ఉన్నది ఉన్నట్లు చెబుతుంది. చెప్పి తీరాలి కూడా, లేకపోతే చికిత్సకే ముప్పు. ఆ మాట కేసు షీటులోకి ఎక్కుతుంది. కంపెనీ ఆ కాగితమే చూపి క్లెయిమును నిరాకరించవచ్చును. ప్రీమియం కట్టీ, బిల్లూ కట్టవలసిన దుస్థితి అది.

వ్యాధిని చెప్పినంత మాత్రాన అన్నీ చెల్లిస్తారని కూడా కాదు. పూర్వవ్యాధి ఉన్నవారికి అనేక పాలసీలు ప్రాణాపాయ స్థితిలో మాత్రమే, అదీ ఒక పరిమితి వరకే ఇస్తాయి. అమెరికా పాలసీలలో పూర్వవ్యాధి హఠాత్తుగా ముదిరితే ఇస్తామన్న షరతు కనబడుతుంది. క్రమక్రమంగా పెరిగిన బాధకు, మామూలు పరీక్షలకు అది వర్తించదు. వయసును బట్టి ఈ మొత్తం తగ్గిపోయే పాలసీలూ ఉన్నాయి. కనుక పాలసీలో అన్నిటికన్న ముందు చదవవలసిన పుట పూర్వవ్యాధుల పుట. ఇంట్లో ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్లలచేత ఆ ఒక్క పుటనైనా చదివించుకోవాలి.

పెట్టెలు, చిన్న రుగ్మతలు

విమానంలో పెట్టె పోతుందన్న భయంతో బీమా కొనేవారు ఒక విషయం గ్రహించాలి. అంతర్జాతీయ ప్రయాణంలో సామాను నష్టానికి విమాన కంపెనీయే బాధ్యత వహించాలి. మాంట్రియల్ ఒడంబడిక ప్రకారం 2024 డిసెంబరు 28 నుండి ఈ బాధ్యత ఒక ప్రయాణికునికి గరిష్ఠంగా 1,519 ఎస్.డి.ఆర్.లు, అనగా మన లెక్కలో లక్షన్నర రూపాయలకు మించినది. పెట్టె దెబ్బతింటే 7 రోజులలోగా, ఆలస్యంగా అందితే అందిన 21 రోజులలోగా వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. విమానాశ్రయం విడిచి రాకముందే అక్కడి కౌంటరులో రిపోర్టు వ్రాయించుకోవడం మరువరాదు. నగలు మాత్రం పెట్టెలో పెట్టనే వద్దు; ఏ ఒడంబడికా వాటిని తిరిగి తెచ్చి ఇవ్వదు.

అజీర్తి, జలుబు, ప్రయాణపు వాంతులు వంటి చిన్న బాధలకు బీమాను నమ్ముకోవడం కూడా వృథాయే. అనేక పాలసీలలో ప్రతి క్లెయిములో మొదటి కొంత మొత్తం, యాభయ్యో వందో డాలర్లు, మనమే భరించాలి. వీటికి మన చేతిసంచియే చాలును. భోజనానంతరం చిటికెడు వాము, శొంఠిపొడి కలిపిన గోరువెచ్చని నీరు అజీర్తికి ఉపశమనమిస్తుంది. అల్లం ముక్క ప్రయాణపు వికారాన్ని తగ్గిస్తుంది; రక్తం పలుచబరచే మందులు వాడేవారు మాత్రం వైద్యుని అడిగి వాడాలి. దూరపు విమాన ప్రయాణంలో గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయాలి. రోజూ వాడే మందులను కంపెనీ సీలు, లేబులు ఉన్న డబ్బాలలోనే, వైద్యుడు ఇంగ్లీషులో వ్రాసి ఇచ్చిన చీటీతో సహా తీసుకువెళ్లాలి. ఇంట్లో నూరిన పొట్లాలు సుంకం అధికారులకు అనుమానం కలిగిస్తాయి. పాదరసం, సీసం కలిసిన రసౌషధాల విషయంలో అక్కడి ఆరోగ్య శాఖలు కఠినంగా ఉన్నాయి కనుక వాటిని తీసుకువెళ్లకపోవడమే మంచిది.

కొనేటప్పుడు, కొన్న తరువాత

భారతదేశపు కంపెనీల విదేశ పాలసీని సాధారణంగా ఇక్కడి నుండి బయలుదేరక ముందే కొనాలి. వీసా రాక ప్రయాణం ఆగిపోతే ప్రీమియం తిరిగి ఇస్తారా, త్వరగా తిరిగివస్తే మిగిలిన రోజులకు కొంత వస్తుందా అని ముందే అడిగి ఉంచుకోవాలి. పాలసీ నంబరు, సహాయ కేంద్రపు ఫోను నంబరు పెద్దల పాస్‌పోర్టులో ఒక ప్రతి, బిడ్డల ఇంట్లో ఒక ప్రతి ఉంచాలి. ఆసుపత్రిలో చేరిన వెంటనే ఆ నంబరుకు తెలియజేయడం అత్యవసరం. ఆలస్యమైతే అదే ఒక అభ్యంతరం కావచ్చును. ప్రతి బిల్లు, రశీదు, విమానపు బోర్డింగ్ పాసుతో సహా దాచాలి.

న్యాయమైన క్లెయిమును కంపెనీ నిరాకరించినా, ఫిర్యాదు చేసిన నెల రోజులలో జవాబు ఇవ్వకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చును. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఈ కార్యాలయం హైదరాబాదులో ఉన్నది. రుసుము లేదు, వకీలు అక్కరలేదు; రూ. 50 లక్షల వరకు వివాదాలను విచారిస్తారు. నిరాకరణ వచ్చిన ఏడాదిలోగా దరఖాస్తు చేయాలి. దానికన్న ముందు నియంత్రణ సంస్థ ఉచిత ఫోను నంబరు 155255కు చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చును.