మత్తడి దుంకే లెక్క

దశాబ్దాల తరవాత 2022 వానలకు ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు నిండి అలుగు పారింది. కుతుబ్‌షాహీల కాలం నాటి చెరువు అది. చూడటానికి చుట్టుపక్కల ఊళ్ల జనమంతా కదిలారు. ఆ రోజుల్లోనే మా ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి లేచి అడిగింది: "సార్, ఇన్నేండ్లకు నిండింది గద. గన్ని నీళ్లు కిందికి ఇడిసిపెట్టుడెందుకు? అలుగును ఇంకో రెండడుగులు లేపి కడితే ఆగుతయి గద?"

పెద్దవాళ్లూ ఇదే అంటారు. కొన్ని ఊళ్లలో అలుగు మీద ఇసుక బస్తాలు పేర్చడం నేనే చూశాను. ఆ అమ్మాయికి నోటిమాటతో సరిపెట్టాలని నాకనిపించలేదు. రెండు ప్లాస్టిక్ బకెట్లు తెచ్చాం. ఒకదానికి పై అంచున వెడల్పుగా గాడి కోశాం, అది అలుగు. రెండోదానికి అడుగున బెజ్జం పెట్టాం, అది తూము. లోపల స్కేళ్లు అంటించి కుళాయి తిప్పాం.

బెజ్జం బకెట్లో నీళ్లు బెజ్జానికి అయిదు సెంటీమీటర్ల పైన నిలకడగా ఆగాయి. ధారను రెట్టింపు చేశాం. మట్టం పెరిగి పెరిగి ఇరవై దగ్గర గానీ ఆగలేదు. నాలుగు రెట్లు! గాడి బకెట్లో మొదట గాడి మీద నీటి మందం రెండు సెంటీమీటర్లు. ధార రెట్టింపు చేస్తే మూడు దాటి కాస్త పైకి వెళ్లి అక్కడే నిలిచిపోయింది. పిల్లలు స్కేలు వదలకుండా చూస్తూ ఉండిపోయారు.

కారణం చిన్నదే. బెజ్జం పరిమాణం మారదు. మట్టం పెరిగితే వేగం ఒక్కటే పెరుగుతుంది, అదీ ఎత్తుకు వర్గమూలం లెక్కన. అలుగు దగ్గర మట్టం పెరిగితే వేగంతోపాటు నీరు పారే దారి కూడా మందమవుతుంది. రెండూ గుణించుకుంటాయి. అందుకే అలుగు మీద నీటి మందం రెట్టింపైతే బయటికి పోయే నీరు దాదాపు 2.8 రెట్లవుతుంది. ప్రమాదం ముదిరేకొద్దీ అలుగు ఇంకా గట్టిగా పనిచేస్తుంది. మోటారు లేదు, తాడు లేదు, అర్ధరాత్రి లేచి తిప్పే మనిషితో పని లేదు. కదిలే భాగం ఒక్కటి కూడా లేని యంత్రం ఇది. ఇంతకంటే అందమైన రక్షణ ఏర్పాటు నాకు తెలియదు.

ఇప్పుడు ఆ అమ్మాయి రెండడుగుల సంగతి. అలుగు అంచుకీ కట్ట తలకీ మధ్య నాలుగడుగుల ఎడం ఉందనుకుందాం. అలుగును రెండడుగులు లేపితే ఎడం సగమే తగ్గింది. కానీ కట్ట మీదుగా పొర్లకముందు అలుగు వదలగల నీరు మూడోవంతుకు పడిపోయింది. మట్టికట్ట మీదుగా నీరు పొర్లితే అవతలి వాలు కోసుకుపోతుంది, కోత వెనక్కి పాకుతుంది, కాసేపట్లో గండి. అందుకే మన పాతవాళ్లు వీలున్నచోట అలుగును కట్ట నడుమ కాకుండా ఓ పక్కన, రాతినేల మీద కట్టారు. నీరు ఎక్కడ పొర్లాలో ముందే తీర్మానించారు.

మన చెరువులు గొలుసుకట్టు. పై చెరువు మత్తడి దుంకితే, అంటే అలుగు పారితే, కింది చెరువు నిండుతుంది. మామూలు ఏడాదిలో అది వరం. ఒక కట్ట తెగితే మాత్రం ఆ నీరంతా ఒక్కసారిగా కింది కట్ట మీద పడుతుంది, దాని అలుగు అంత నీటికి కట్టింది కాదు. 1908 సెప్టెంబర్‌లో మూసీకి అదే జరిగింది. పరీవాహకంలోని 788 చెరువుల్లో 221 తెగిపోయాయి, హైదరాబాద్ మునిగింది. ఆ తరవాత నిజాం పిలుపు మీద మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చారు. అంతకుముందే, 1903లో, పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో నీటిమట్టం హద్దు దాటగానే వాటంతటవే తెరుచుకునే గేట్లు పెట్టించిన మనిషాయన. గేటుకు అలుగు గుణం నేర్పించారన్నమాట.

1908 వరద తరవాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. పెద్ద ప్రాజెక్టులు చాలావరకు గేట్లవైపు తిరిగాయి. గేటును తప్పుపట్టలేం. అదే కట్టతో ఎక్కువ నీరు నిలుపుతుంది, వరద రాకముందే ఖాళీ చేయనిస్తుంది. కాకపోతే అది తెరుచుకోవాలి. 2022 జులైలో కడెం ప్రాజెక్టు 18 గేట్లలో ఒకటి మొరాయించింది. వదలగలిగింది మూడు లక్షల క్యూసెక్కులైతే, వచ్చింది అయిదు లక్షలు. ఎడమవైపు మట్టికట్టకు గండి పడటంతో డ్యామ్ మీద భారం తగ్గింది. ఎవరూ గీయని అలుగు అక్కడ పుట్టింది. 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగి గేటే కొట్టుకుపోయింది. మిగతా 32 గేట్లు ఉండబట్టి ఆ ఒత్తిడిని పంచుకోగలిగాయి. ఇప్పుడు ఇంజినీర్లు అలుగు గోడను జిగ్‌జాగ్‌గా మడతపెట్టి, అంతే వెడల్పులో ఎక్కువ పొడవు రాబడుతున్నారు. పాత సూత్రమే, కొత్త మడత.

మీ ఊరి చెరువుకు వెళితే తూము దగ్గరే ఆగిపోకండి, అలుగు దాకా నడవండి. దాని మీద బస్తాలుంటే తీయించండి. అలుగు నీరు పోయే ఒర్రెలో గోడలు, మట్టికుప్పలు కనిపిస్తే ఎండాకాలంలోనే ఇరిగేషన్ వాళ్లకు చెప్పండి. వానలు మొదలైతే ఆ దారి నీటికే కావాలి.