ప్రత్తి విత్తనం, విదేశీ కంపెనీ, మధ్యలో ఏజెంటు

గద్వాల: ఇండోనేషియా పర్యావరణ శాఖ అధికారి ఒకరికి 2002లో 50 వేల డాలర్లు ముట్టిన వ్యవహారంతో నడిగడ్డ విత్తన వర్తకులకేం పని అనిపించవచ్చు. పని ఉంది. ఆ డబ్బు అమెరికాకు చెందిన మోన్‌శాంటో కంపెనీది. బి.టి. ప్రత్తికి పర్యావరణ ప్రభావ పరిశీలన జరగాలన్న నిబంధనను తప్పించుకోవడం దాని ఉద్దేశం. మన దేశంలో బి.టి. ప్రత్తికి అనుమతి వచ్చింది కూడా అదే సంవత్సరం మార్చిలో. తర్వాతి ఏళ్ళలో గద్వాల పొలాలలో తయారయ్యే హైబ్రిడ్ విత్తనంలోకి ఆ జన్యువే చేరింది.

డబ్బు కంపెనీ నేరుగా ఇవ్వలేదు. అక్కడి కన్సల్టింగ్ సంస్థ ద్వారా చేర్చి, లెక్కలలో సలహా రుసుముగా దొంగ ఇన్వాయిసులు చూపారు. విచిత్రమేమంటే డబ్బు ముట్టినా నిబంధన రద్దు కాలేదు! విదేశీ అధికారికి ఏజెంటు ద్వారా ఇచ్చినా 1977 నాటి అమెరికా చట్టం ప్రకారం నేరమే. 2005 జనవరిలో కంపెనీ మొత్తం 15 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. అప్పటికే దక్షిణ సులవేసిలో దాని బి.టి. వ్యాపారం మూతబడింది.

ఎవరికి ఎంత ఇవ్వాలో, ఇచ్చినా పని జరుగుతుందో లేదో తెలియని దేశంలో సొంత పెట్టుబడి దింపడానికి ఏ కంపెనీ అయినా జంకుతుంది. స్థానిక భాగస్వామినో, లైసెన్సుదారునో, ఏజెంటునో ముందుంచుతుంది. ఫైళ్ళ సంగతి వారే చూసుకుంటారు. మన దేశానికి మోన్‌శాంటో మహికోతో కలిసి ఉమ్మడి కంపెనీగా వచ్చి, తర్వాత దేశీయ విత్తన కంపెనీలకు లైసెన్సులిచ్చింది. దీనికి లంచాల భయమే కారణమనడానికి ఆధారం లేదు. మహికోకు అప్పటికే ఉన్న విత్తన వ్యాపారమే చాలినంత కారణం.

వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరుశనగ వర్తకులకు ఈ కథ మరో వైపు నుంచి వర్తిస్తుంది. మన వేరుశనగకు ఇండోనేషియా పెద్ద కొనుగోలుదారు. ఆఫ్లటాక్సిన్ కారణంగా 2025లో ఆ దేశం మన సరుకును కొంతకాలం నిలిపివేసింది. సరుకు రేవులో ఆగినప్పుడే ‘పై ఖర్చుల’ మాట వినిపిస్తుంది. విదేశీ అధికారులకు లంచమివ్వడంపై మన లోక్‌సభలో 2011లో ప్రవేశపెట్టిన బిల్లు చట్టం కాలేదు. అంతమాత్రాన ఎగుమతిదారు నిశ్చింతగా ఉండరాదు. ఇండోనేషియా చట్టం ఇచ్చినవారినీ శిక్షిస్తుంది. పైగా, విదేశీ చట్టం ప్రకారం నేరమైన ఖర్చునూ ఆదాయపు పన్ను లెక్కలో తగ్గించుకోరాదని 2022 ఫైనాన్స్ చట్టం స్పష్టం చేసింది. ఏజెంటు బిల్లులో ‘ఇతర ఖర్చులు’ అని ఉంటే, రేవు రశీదు జతచేయమని కమీషను చెల్లించకముందే అడగడం మేలు.